రేడియో ముఖాముఖిలో నాకు గుర్తుండిపోయినవారు

"రేడియోలో పనిచేసినవారు ఉంటే చెప్పండి. సంగీత విద్వాంసులు, హాస్య కళాకారులు, క్రీడాకారులతో చేసిన ఇంటర్వ్యూల్లో మీకు బాగా గుర్తుండిపోయినవి ఏవి? పేరున్నవారిని మాట్లాడించడం కష్టమా, తేలికా?" అన్నది ఇక్కడి ప్రశ్న. నేను ఆకాశవాణిలో మొదట క్యాజువల్ అనౌన్సర్‌గా చేరి, తర్వాత కార్యక్రమాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. పేరున్నవారు మాట్లాడడం తేలిక, వారిచేత కొత్త మాట చెప్పించడం కష్టం. మనం అడగబోయే ప్రశ్నను అంతకుముందు ఎందరో అడిగి ఉంటారు కనుక జవాబు వారి నాలుక మీద సిద్ధంగా ఉంటుంది, ఆ జవాబును వారు మనకన్నా బాగా ఎరుగుదురు, మధ్యలో ఎక్కడ నవ్వాలో కూడా వారికి తెలుసు. అందువల్ల నాకు బాగా గుర్తున్నవారిలో చాలామంది మీరు పేరు విననివారే. వారి అనుమతి తీసుకోలేదు కనుక పేర్లు రాయడం లేదు.

ఒక సంగతి గమనించండి. ఈ ముగ్గురి విద్యలోనూ శరీరమే ముఖ్యం, రేడియోలో కనిపించనిది కూడా అదే. వాయిద్యం మీద నడిచే వేళ్లు, నవ్వించే ముఖం, బరువెత్తే భుజం శ్రోతకు అందవు. కనుక "మీకు ఎలా అనిపించింది?" అని అడిగితే "చాలా ఆనందంగా అనిపించింది" అన్న జవాబుతో పావుగంటా గడిచిపోతుంది. "ఎలా చేస్తారు? ముందు ఏ చెయ్యి కదులుతుంది? అప్పుడు ఎటు చూస్తారు?" అని అడిగితే మనిషి ఒక్కసారిగా తన పనిలోకి వెళ్లిపోతాడు, గొంతు మారుతుంది. నాకు గుర్తుండిపోయిన ముఖాముఖీలన్నీ ఇలాంటి ప్రశ్నల దగ్గర మలుపు తిరిగినవే.

మొదట నాదస్వర విద్వాంసుడి సంగతి చెప్పాలి. ఆకాశవాణి వినే అలవాటున్నవారికి తెలిసే ఉంటుంది, ఉదయం ప్రసారాలు మొదలవగానే సంకేత సంగీతం, వందేమాతరం, ఆ వెనుకే మంగళధ్వని వస్తాయి. లక్షల ఇళ్లలో తెల్లవారేది ఆ సన్నాయి పాటతోనే అయినా, వాయించినవారి పేరు ఎవరికీ గుర్తుండదు. కృష్ణా డెల్టాకు దక్షిణంగా చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు ప్రాంతాల్లో తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా సాహెబ్ ఈ పరంపరలోనివారే. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. నేను మాట్లాడించిన పెద్దాయన అంత పేరున్నవారు కాదు. ఊరి గుడిలో కైంకర్యం, పెళ్లిళ్ల కాలంలో తీరిక లేని పని, ఏడాదిలో కొన్నిసార్లు రేడియో కచేరీ, ఇదీ ఆయన జీవితం.

ఇలాంటివారు వచ్చినప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "మీరు ముస్లింలు కదా, దేవుడి ఉత్సవాల్లో వాయించడం ఎలా ఉంటుంది?" దాన్ని పక్కన పెట్టాలని ముందే అనుకున్నాను. ఆ ప్రశ్న తప్పని కాదు, దానికి జవాబు ఇచ్చి ఇచ్చి వారు విసిగి ఉంటారు. నేను పీక గురించి అడిగాను. నాదస్వరం పైకొనకు తగిలించే ఆ చిన్న రెల్లు ముక్కను సీవాళి అని కూడా అంటారు. ఎండిన పీక పలకదు, కాసేపు నోట్లో నానబెట్టాలి. అందుకే వాయిద్యానికి ఒక దారం కట్టి, దానికి రెండు మూడు పీకలు అదనంగా వేలాడదీసి ఉంచుతారు. ఆయన ఒక పీక నోట్లో పెట్టుకుని ఊది చూస్తే కీచుమని ఒక శబ్దం వచ్చింది. ఇంజనీరు దాన్ని తీసివేయాలనుకున్నాడు, నేను ఉంచమన్నాను. ఆ తర్వాత ఆయన ఒక్కొక్క పీకా మార్చి ఊదుతూ, ఇది ఆరుబయట ఊరేగింపుకు, ఇది కచేరీకి, ఇది మీ చల్లగదికి అని వివరిస్తూ పోయారు. గాలి చల్లబడితే ఊదే వాయిద్యం శ్రుతి దిగుతుంది. కచేరీ రికార్డింగుకు వచ్చిన ప్రతిసారీ ఏసీ ఆపించాలని ఆయన ఎందుకు పట్టుబట్టేవారో అంతవరకు మాలో చాలామందికి తెలియదు, చాదస్తమనుకునేవారు.

తర్వాత అడిగిన ప్రశ్న పెళ్లి గురించి. "పెళ్లిలో వాయిస్తున్నంతసేపూ మీరు ఎవరిని చూస్తారండీ?" అన్నాను. పెళ్లికూతురిని అంటారేమో, కళ్లు మూసుకుంటానంటారేమో అనుకున్నాను. "పురోహితుడి కుడిచేతిని చూస్తానమ్మా" అన్నారు. మంగళసూత్రం ముడిపడే క్షణంలో గట్టిమేళం మొదలుకావాలి. ఎవరి తుమ్మూ, ఏడుపూ, అశుభమైన మాటా ఆ క్షణంలో వధూవరుల చెవిన పడకూడదన్నది ఆచారం. పురోహితుడు మంత్రం చదువుతూనే వేలు ఆడిస్తాడు. ఆ సైగ అందిన మరుక్షణం, అప్పుడే కల్యాణి రాగంలో ఎంత అందమైన సంగతి నడుస్తున్నా, దాన్ని అక్కడికక్కడ వదిలేసి, పక్కనున్న డోలు విద్వాంసుడికి కంటితో చెప్పి గట్టిమేళంలోకి దూకాలి. "రాగం అందంగా వస్తున్నప్పుడే ఆ వేలు కదులుతుంది, ఎప్పుడూ అంతే" అని ఆయన నవ్వారు. కచేరీలో పాడేవారికి లేని ఈ క్రమశిక్షణ గురించి సంగీత విమర్శలో నేను ఎక్కడా చదవలేదు. మూడు గంటలు వాయించి, సభలో ఒక్కరూ వినడం లేదని తెలిసి కూడా, ఒక వేలి కోసం ఎదురుచూసే విద్వాంసుడి ఏకాగ్రతను, ఆకాశవాణి కళాకారులకు ఇచ్చే ఏ గ్రేడుతో కొలవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను అడగని ప్రశ్నకు ఆయనే చివర్లో వచ్చారు. తెల్లవారుజామున గుడికి, ఆ తర్వాత నమాజుకు వెళ్లే తన తండ్రి దినచర్యను, మనం పొలం పనుల వేళలు చెప్పుకున్నట్టు మామూలుగా చెప్పుకొచ్చారు. నేను ముందుగా అడిగి ఉంటే ఆ మాట ఉపన్యాసంలా వచ్చేది.

సంగీతకారుల విషయంలో మరో మాట. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు అక్కడ పనిచేసినవారే. అంత గొప్పవారు పక్కగదిలోనే కూర్చునే రోజుల్లో వారితో ముఖాముఖి చేయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? పాట రికార్డు చేసేవారు, మాట రికార్డు చేసేవారు కాదు. సంగీతకారుడిని వాయిద్యం పక్కన పెట్టించి మాట్లాడించకూడదని నేను అనడానికి కారణం కూడా ఇదే. తంబూరా ఒడిలో ఉంటే గాయకుడు జవాబును పాడి చూపిస్తాడు. ఖాళీ చేతులతో కూర్చోబెడితే గురువుగారి ఆశీస్సులు, తల్లిదండ్రుల ప్రోత్సాహం దాటి ముందుకు రాడు.

హాస్య కళాకారుల దగ్గరకు వస్తే కష్టం వేరే రకం. వారు మాట్లాడగలరు, కానీ స్టూడియో వారికి శత్రువు. గోడలకు శబ్దం పీల్చే పలకలు, కాళ్ల కింద తివాచీ, మూసిన రెండు తలుపులు ఉంటాయి, ఎదురుగా నవ్వకూడదని శిక్షణ పొందిన మనిషి కూర్చుంటుంది. ఒక బుర్రకథ దళంలో చిన్నతనం నుంచి హాస్యం చెప్పిన వృద్ధుడిని అలాంటి గదిలోకి తీసుకువచ్చాను. తెలియనివారి కోసం చెబుతున్నాను: బుర్రకథలో నడుమ తంబూరా పట్టుకుని కథ చెప్పే కథకుడు, రెండు పక్కలా డక్కీలు పట్టుకున్న వంతలు ఉంటారు. ఆ వంతల్లో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఈ కళను ఎంత దూరం తీసుకువెళ్లారో మనకు తెలుసు, 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పేరు ఎప్పుడూ కథకుడిదే. హాస్యం చెప్పేవాడు "ఆ పక్కనుండేవాడు"గానే మిగిలిపోతాడు.

ఆయన మొదటి హాస్యోక్తి చెప్పి ఆగారు. నిశ్శబ్దం. రెండోది చెప్పి మళ్లీ ఆగారు. నేను పెదవులతో నవ్వాను, గొంతుతో నవ్వితే టేపు మీద పడుతుందని భయం. మూడోసారి ఆయన నన్ను చూసి, "అమ్మాయిగారూ, ఇక్కడ ఎంతసేపు ఆగాలో నాకు తెలియడం లేదండీ" అన్నారు. అప్పుడు ఆయన చెప్పినది నాటకశాస్త్రంలో చేర్చదగిన మాట. ఊరి బయలులో, మైకు లేని రోజుల్లో, నవ్వు ఒక్కసారిగా రాదట. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు నవ్వుతారు, తర్వాత నడుమనున్న ఆడవాళ్లు, ఆ నవ్వు చూసి చిట్టచివర బండ్ల మీద కూర్చున్న మగవాళ్లు నవ్వుతారు. బండ్ల మీది నవ్వు తగ్గేదాకా మాట ఎత్తకూడదు, పూర్తిగా ఆగిపోయేదాకా ఉండనూ కూడదు. ఆ మధ్యలో కథకుడు గొంతు తడుపుకుని ఊపిరి తీసుకుంటాడు. "కథకుడికి ఊపిరి ఇవ్వడానికే మేము ఉన్నాం. నవ్వు మాకు దొరికే కూలి" అన్నారు.

రికార్డింగు ఆపి, క్యాంటీన్ కుర్రవాళ్లను, డ్యూటీ గదిలో ఉన్నవారిని, గేటు దగ్గరి కాపలాదారును లోపలికి పిలిచి తివాచీ మీద కూర్చోబెట్టాం. నిబంధనల ప్రకారం అది కుదరని పని, ఆ రోజు కుదిరింది. అవే హాస్యోక్తులు మళ్లీ చెప్పారు. అరడజను మంది నవ్వు సరిపోయింది. పైగా కాపలాదారు అందరికన్నా ఆలస్యంగా నవ్వేవాడు కావడంతో, పెద్దాయనకు బండ్ల మీది మగవాళ్లు కూడా దొరికారు.

ధ్వన్యనుకరణ కళాకారులతో ఇబ్బంది మరోలా ఉంటుంది. వరంగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ ఆ విద్యకు మన దగ్గర గౌరవం తెచ్చినవారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో కన్నుమూశారు. ఆయన చూపిన దారిలో ఊరూరా ఎందరో తయారయ్యారు. రేడియోకు ఇంతకన్నా అనువైన కళ లేదనిపిస్తుంది. అయితే ముఖాముఖిలో వారు ప్రతి జవాబునూ ఎవరో ఒకరి గొంతులో చెబుతారు, మనం ఎవరితో మాట్లాడుతున్నామో తెలియకుండా పోతుంది. ఒక యువకుడికి గొంతు పరీక్ష కోసం చేతికి దొరికిన వార్తల కాగితం ఇచ్చి చదవమంటే, "ఎవరి గొంతుతో చదవమంటారు మేడమ్?" అని ఎంతో వినయంగా అడిగాడు. పరిహాసం కాదు, నిజంగానే అడిగాడు. ఆ ముఖాముఖి బాగానే ప్రసారమైంది, ఉత్తరాలు కూడా వచ్చాయి. నాకు మాత్రం ఆ ఒక్క మాటే గుర్తుంది.

సినిమా విడుదలకు ముందు వచ్చే హాస్యనటుల గురించి నేను చెప్పగలిగింది తక్కువ. వారితో వచ్చిన ప్రచార బృందం గడియారం చూస్తూ నిలబడుతుంది, చిత్రం పేరు ఎన్నిసార్లు వినిపించిందో లెక్కపెట్టుకుంటుంది. ఆ పని తప్పనిసరి కావచ్చు, కానీ దాన్ని ముఖాముఖి అనడం నాకు నచ్చదు.

క్రీడాకారుల్లో ఒక్కరి గురించే వివరంగా రాస్తాను. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్య పతకం సాధించారు. బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాలదాకా ఎత్తి తర్వాత తలపైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన మొదటి సారి అదే, ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడే. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట పేరు ఆ వారమంతా దేశంలో మార్మోగింది. స్వర్ణ, రజత పతకాలు గెలిచిన ఇద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లారు, అది నిలవలేదు. పత్రికలన్నీ పతకం గురించి రాస్తుంటే నా మనసు ఆ చివరి ప్రయత్నం మీదే ఉండేది. ఎత్తలేనిదాన్ని ఎత్తడానికి బయల్దేరే ముందు మనిషి ఏం చేస్తాడు?

ఆ ప్రశ్న నేను మల్లీశ్వరిని అడగలేదు, ఆవిడను కలిసే అవకాశమే నాకు రాలేదు. ఆ తర్వాత కొంతకాలానికి రాష్ట్రస్థాయి పోటీలకు వచ్చిన ఉత్తరాంధ్ర అమ్మాయిని అడిగాను. విజయనగరం జిల్లా కొండవెలగాడ వంటి ఊళ్లలో ఇంటింటా బరువులెత్తేవారు ఉన్నారు కనుక ఆ ప్రాంతంనుంచి ఇలాంటి అమ్మాయిలు రావడం వింత కాదు. మైకు ముందు ఆ అమ్మాయి అవును, కాదు తప్ప మాట్లాడలేదు. కోచ్ సార్ ప్రోత్సాహం, అమ్మానాన్నల ఆశీర్వాదం అయిపోయాయి. ఇక టేబుల్ కింద నుంచి చీపురుకర్ర తీసి చేతికిచ్చి, కడ్డీని ఎలా పట్టుకుంటారో చూపించమన్నాను. అంతే, మాట వచ్చింది. బొటనవేలిని కడ్డీకి ఆనించి, దాని మీద చూపుడువేలు, మధ్యవేలు బిగించాలట. కొత్తల్లో బొటనవేలి గోరు కింద రక్తం గడ్డకడుతుందట. కడ్డీ మీది గరుకు గీతలకు అరచేతి తోలు లేస్తుంది, లేచిన తోలును బ్లేడుతో తీసేసుకుని మరునాడు మళ్లీ ఎత్తాలి. పేరు పిలిచాక ఒక్క నిమిషంలో బరువు నేల మీంచి లేవాలి. ఆ నిమిషంలో సగం తెల్లపొడి చేతులకు రాసుకోవడంలోనే గడిచిపోతుందని చెప్పింది.

అప్పుడు అడిగాను, ఎత్తలేననిపించే బరువు ముందు నిలబడినప్పుడు ఏం చూస్తావని. అమ్మాయి మౌనంగా ఉండిపోయింది. మౌనం రేడియోకు పనికిరాదని మాకు మొదటి రోజే నేర్పుతారు, శ్రోత ప్రసారం ఆగిపోయిందనుకుంటాడు. అయినా నేను మాట కలపలేదు. చివరికి "ఎదురుగా గోడ మీద ఒక మచ్చ చూసుకుంటాను మేడమ్. జనాన్ని చూస్తే బరువు కనిపిస్తుంది" అంది. మా టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగేది. ఎడిటింగ్‌లో ఇంజనీరు ఆ మౌనాన్ని చేతులతో కొలిచి, "రెండున్నర అడుగులుందండీ, కొయ్యమంటారా?" అన్నాడు. అంటే నాలుగు సెకన్లు. కొయ్యవద్దన్నాను. డ్యూటీ ఆఫీసరుకు మాత్రం ఆ చోట కంగారుపడి మీటలు తిప్పవద్దని ముందే రాసిపెట్టాను.

మాట రాని క్రీడాకారుల కోసం మరో ఉపాయం బీబీసీ నుంచి తెచ్చుకున్నాను. అక్కడ 1942లో రాయ్ ప్లమ్లీ మొదలుపెట్టిన కార్యక్రమంలో అతిథిని, ఒంటరి దీవికి పంపితే వెంట ఏ ఎనిమిది రికార్డులు తీసుకువెళతావని అడుగుతారు. దానికి మొదటి అతిథి ఒక హాస్య కళాకారుడు కావడం నాకు ఇష్టమైన విషయం. నేను పాట ఒక్కటే అడిగేదాన్ని, ఉదయం వ్యాయామం వేళ మనసులో మెదిలే పాట. కబడ్డీ ఆటగాడొకడు తనకు పాట లేదన్నాడు, కూతే పాట అన్నాడు. కూత మొదలుపెట్టమన్నాను. కూత 30 సెకన్ల పాటు ఎక్కడా తెగకుండా సాగింది. చెవితో వినదగ్గ ఆటగా కబడ్డీకి సాటి వచ్చేది నాకు తెలియదు.

బరువులెత్తే అమ్మాయి కార్యక్రమానికి వచ్చిన ఉత్తరాల్లో పతకాల గురించి అడిగినవి దాదాపు లేవు. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే హమాలీ ఒకాయన పోస్టుకార్డు రాయించి పంపారు. ఆ అమ్మాయి చెప్పిన పట్టు తమకూ తెలుసని, 40 కిలోల పైచిలుకు తూగే మిర్చి టిక్కీని, అంటే బస్తాను, వీపు మీదికి ఎత్తించుకునేటప్పుడు ఊపిరి బిగపట్టే పద్ధతి వేరే ఉందని, ఎత్తడంకన్నా దించడమే కష్టమని అందులో ఉంది. కార్మికుల కార్యక్రమానికి ఆయననే పిలిపించాం. స్టూడియో గుమ్మం దగ్గర ఆయన మొదట అడిగింది, ఈ పూట కూలి పోతుంది కదా, రేడియో ఎంత ఇస్తుందని. ఒప్పందపత్రం మీది పారితోషికం చూపించాను. దాన్ని రెండుసార్లు చదివించుకుని, పావుగంట మాటలకు ఇంత ఇచ్చేటట్టయితే వచ్చే వారం మా ముఠా మేస్త్రీని కూడా తీసుకొస్తాను, ఆయన నాకంటే బాగా మాట్లాడతాడు అన్నాడు. తీసుకొచ్చాడు కూడా, కానీ మేస్త్రీ మైకు ముందు ఒక్క మాట మాట్లాడలేదు.